మత్తు కాదు, సోడియం లోపము కావచ్చును

(ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



రోహిణి కార్తె ఎండలో పట్టాలపై పనిచేయు ట్రాక్‌మన్ మాట తడబడి, అడుగు తప్పినచో "తాగి వచ్చినాడు" అందురు. రిటైరైన పోస్ట్‌మన్ ఇంటివారి పేర్లు మరచి మగతగా పడియున్నచో "వయసు మీద పడినది" అందురు. రెండింటికిని రక్తములో సోడియం తగ్గుటయే కారణము కావచ్చును. ఈ పొరపాటు ఒకరి ఉద్యోగమును, మరొకరి ప్రాణమును తీయగలదు.

లీటరు రక్తద్రవములో 135 నుండి 145 మిల్లీ ఈక్వివలెంట్ల సోడియం ఉండవలెను. అది తగ్గినపుడు నీరు కణములలో చేరి మెదడు ఉబ్బును. పుర్రెలో అందుకు చోటు లేదు. అందుచేతనే తలనొప్పి, వాంతులు, తికమక, మగత, చివరకు ఫిట్స్ వచ్చును. 120 కంటె తక్కువైనను, వేగముగా తగ్గినను ప్రమాదము హెచ్చు.

ఉప్పు తక్కువ తినుటయే కారణమని తలచరాదు. అనేక పర్యాయములు ఒంటిలో నీరు అధికముగా నిలుచుటయే కారణము. చెమటతో ఉప్పు పోవుచుండగా ఉత్త నీరే అతిగా త్రాగుట, వాంతులు, విరేచనములు, రక్తపోటుకు వాడు థయజైడ్ జాతి మాత్రలు, గుండె, కాలేయ, మూత్రపిండ వ్యాధులు కూడ కారణములు. కావున ఇంటిలో ఉప్పునీరు త్రాగించుట వైద్యము కాదు. గుండెజబ్బు గలవారికి హాని కూడ. డాక్టరును అడుగకుండ మాత్రలు మానరాదు.

తికమక, మగత, ఫిట్స్ కనిపించినచో తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. స్పృహ లేనివారి నోట ఏమియు పోయరాదు. ఒళ్లు కాలుచున్నచో వడదెబ్బ కావచ్చును. దారి పొడుగునా తడిగుడ్డలతో చల్లబరచవలెను. వాడుచున్న మాత్రలన్నియు వెంట తీసికొనిపోయి, "సోడియం పరీక్ష చేయించండి" అని అడుగుడు. అది సామాన్యమైన రక్తపరీక్షయే.

ఫిట్స్ వచ్చినవారికి డాక్టర్లు గాఢమైన సెలైన్‌ను కొద్ది మోతాదులో వెంటనే ఎక్కింతురు. ఆపైన మాత్రము నిదానమే ప్రధానము. దీర్ఘకాలముగా తగ్గియున్న సోడియంను 24 గంటలలో సాధారణముగా 8 నుండి 10కి మించి పెంచరు. మించినచో మెదడు నరముల పొర చెడి శాశ్వత వైకల్యము రావచ్చును. కావున "ఇంత ఆలస్యమేల?" అని వైద్యులను తొందరపెట్టకుడు.

ఎండలో పనిచేయువారు దాహమునకు తగినంత నీరు త్రాగుడు. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి కూడ త్రాగుడు. విరేచనములైనచో ఓఆర్‌ఎస్ పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలోనే కలుపుడు.

పనిస్థలములో నీడ, మజ్జిగ, ప్రథమ చికిత్స మన హక్కులు. తూలిన కార్మికుని ముందు డాక్టరు చూడవలెను. ఛార్జిషీటు మాట ఆ తరువాతనే. ప్రతి శాఖయు ఈ కోర్కెను అధికారుల ముందుంచవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.