సంతకం పెట్టే ముందు



పొద్దంతా పని చేసి, అలసిపోయి కూడా చదువు కేంద్రానికి వచ్చారు. ఈ పూట మాట ఇంటరు పాసైన ఆడపిల్లల గురించి.

ఇంటరు ఫలితాలు వచ్చిన రోజు ఇంట్లో సంతోషం. మర్నాడు రెండు ప్రశ్నలు. ఏ కాలేజీలో చేర్చాలి? డబ్బు ఎక్కడ తేవాలి? ఈ రెండింటికీ జవాబు వెతుక్కోవడానికి ఉండేది కొద్ది వారాలే. ఆ వారాలు దాటితే ఏడాది పోతుంది. మగపిల్లవాడికి ఏడాది పోతే ఏడాదే పోతుంది. ఆడపిల్లకు చాలాసార్లు చదువే పోతుంది. అందుకే ఒక తల్లి కథ వినండి. ఊరు తెలంగాణలో ఒక పల్లె. ఆ తల్లి మీలో ఎవరైనా కావచ్చు.

కాగితం తెచ్చిన మనిషి

ఆ రోజు ఆ తల్లి వడ్ల కొనుగోలు కేంద్రంలో వడ్లు ఎండబోస్తోంది. కూతురు పరుగున వచ్చింది. "అమ్మా, పాసైన! వెయ్యికి 781 వచ్చినయి" అంది. తల్లి చేతులు దులుపుకుని బిడ్డ తల నిమిరింది.

సాయంత్రం ఇంటి ముందు మోటారు సైకిల్ ఆగింది. ఒక ప్రైవేటు కాలేజీ మనిషి దిగాడు.

"అక్కా, మీ పాపకు మా కాలేజీలో సీటు ఖాయం. ఒక్క రూపాయి ఫీజు లేదు. పదో తరగతి మెమో, ఆధార్ ఇయ్యండి. మీ ఫోనుకు ఒక నంబరు వస్తది. అది చెప్పండి. ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యండి. మిగతాది మేము చూసుకుంటం" అన్నాడు.

"వేలిముద్ర ఎందుకు తమ్మీ? సంతకమే పెడత. ముందు చదవనియ్యి" అంది తల్లి.

ఆమె గుమ్మంలో కూర్చుంది. అక్షరం కింద వేలు పెట్టి చదివింది. ఆ మనిషి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఆమె తొందరపడలేదు. ఒకచోట వేలు ఆగింది. "రీయింబర్స్‌మెంట్ రాని పక్షంలో పూర్తి ఫీజు తల్లిదండ్రులే చెల్లించవలెను" అని ఉంది.

"ఒక్క రూపాయి లేదంటివి. ఇక్కడ పూర్తి ఫీజు అని ఉన్నది కదా?"

"అది ఊరికే రాసింది అక్కా."

"ఊరికే రాసిందైతే కొట్టెయ్యి."

ఆ మనిషి కొట్టెయ్యలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె భయానికి కారణం ఉంది. వెనక వాడకట్టులో ఒక పిల్ల డిగ్రీ పూర్తి చేసింది. ఆ పిల్ల తల్లి ఇలాంటి కాగితం మీదే వేలిముద్ర వేసింది. ప్రభుత్వం నుంచి ఫీజు డబ్బు సమయానికి రాలేదు. "బాకీ కడితేనే సర్టిఫికెట్లు" అన్నారు కాలేజీవాళ్లు. చేతిలో సర్టిఫికెట్ లేక ఆ పిల్ల ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేకపోయింది.

రాత్రి మాట

రాత్రి అన్నం తిన్నాక తండ్రి నోరు విప్పాడు.

"ఇంటరు చాలు. సంబంధం వచ్చింది. పెళ్లి చేస్తే కళ్యాణలక్ష్మి కింద లక్షా నూట పదహారు వస్తయి" అన్నాడు.

"పద్దెనిమిది నిండినంక పెళ్లి ఎప్పుడు చేసినా దరఖాస్తు పెట్టొచ్చు. డిగ్రీ అయినంక చేస్తే పెట్టొద్దంటరా? సీటు మాత్రం మన కోసం ఆగదు" అంది తల్లి.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పట్నం పోను బస్సు కిరాయి ఉన్నదా?" అని అడిగాడు.

"ఆడోళ్లకు ఆర్టీసీల కిరాయి ఏడిదయ్యా?" అంది తల్లి. కూతురు నవ్వింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బు లేదు. రోజూ కాలేజీకి పోయి వచ్చే పిల్లకు అది చిన్న సాయం కాదు.

దోస్త్ అంటే ఏమిటి?

మర్నాడు తల్లీ కూతుళ్లు పట్నంలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్లారు. అక్కడ దోస్త్ సహాయ కేంద్రం ఉంది. కేంద్రంలోని సారు కూర్చోబెట్టి చెప్పారు.

తెలంగాణలో డిగ్రీ సీట్లు చాలా వరకు దోస్త్ ద్వారా ఇస్తారు. ఇది 2016లో మొదలైంది. బీఏ, బీకాం, బీఎస్సీ సీట్లన్నీ కంప్యూటరులో ఒకేచోట ఉంటాయి. మొదటి విడతలో పేరు నమోదుకు 200 రూపాయలు. విడత దాటితే ఆ రుసుము పెరుగుతుంది. పిల్ల ఆధార్‌కు ఫోను నంబరు కలిపి ఉండాలి.

పేరు నమోదయ్యాక కాలేజీల పేర్లు వరుసగా పెట్టాలి. వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు. ఈ వరుసే కీలకం. మొదటి పేరు దగ్గర సీటు దొరికితే కింది పేర్లు చూడరు. కాబట్టి ఎక్కువ ఇష్టమైన కాలేజీ పైన ఉండాలి. ఒక్క పేరే పెట్టి ఊరుకోకూడదు.

ఫోనుకు వచ్చే నంబరును ఓటీపీ అంటారు. అది ఇంటి తాళంచెవి లాంటిది. అది ఇంకొకరికి చెబితే వారు తమ కాలేజీ పేరు ఒక్కటే పెట్టుకోవచ్చు. పిల్లకు తెలియకుండానే సీటు ఖాయమైపోతుంది.

సీటు వచ్చిందని ఫోనుకు కబురు వస్తుంది. గడువు లోపల కంప్యూటరులో "ఈ సీటు తీసుకుంటున్నాను" అని తెలపాలి. తెలపకపోతే సీటు పోతుంది. అలా తెలిపిన తర్వాత కూడా తర్వాతి విడతలో ఇంకా మంచి సీటు కోసం ప్రయత్నించవచ్చు. చివరికి కాలేజీకి స్వయంగా వెళ్లి చేరాలి.

"డిగ్రీ ఒక్కటే దారి కాదమ్మా" అన్నారు సారు. ఇంజనీరింగు, ఫార్మసీ, వ్యవసాయ కోర్సులకు ఈఏపీసెట్ పరీక్ష ఉంది. టీచరు శిక్షణకు డీఈఈసెట్ ఉంది. గురుకుల మహిళా డిగ్రీ కాలేజీల్లో చదువు, తిండి, వసతి ఉచితం. హైదరాబాదులో కోఠి మహిళా కాలేజీ 1924లో పుట్టింది. అది 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. భూమి కోసం దొరను ఎదిరించిన ఐలమ్మ పేరు మీద ఇప్పుడు ఆడపిల్లలు చదువుతున్నారు. ఇంటి దగ్గరే ఉండి చదవాల్సిన వారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. అది 1982 నుంచి నడుస్తోంది.

ఫీజు ఎవరు కడతారు?

తల్లి అసలు మాట అడిగింది. "సారూ, ఫీజు మాఫీ అంటరు. అది నిజమా, అబద్ధమా?"

"నిజమే. కానీ మాఫీ కాదు. అర్హత ఉన్న పిల్ల ఫీజును ప్రభుత్వం కడుతుంది. దాన్నే ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటారు" అన్నారు సారు.

దానికి కొన్ని షరతులు ఉన్నాయి. కుటుంబ ఆదాయం హద్దు లోపల ఉండాలి. కులాన్ని బట్టి, ఊరిని బట్టి ఆ హద్దు మారుతుంది. ఆదాయం, కులం సర్టిఫికెట్లు మీసేవ కేంద్రం ద్వారా తీసుకోవాలి. ఫలితాల దాకా ఆగకుండా ముందే తీసుకుంటే మేలు. ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టాలి. ఒక్కసారి పెడితే సరిపోదు. ఏటా మళ్లీ పెట్టాలి. పిల్లకు నూటికి 75 రోజుల హాజరు ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపి ఉండాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు ఆలస్యం కావచ్చు. 2025 నవంబరులో ఈ బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు కొన్ని రోజులు బంద్ చేశాయి. అందుకే చేరేముందే అడగాలి. "సర్కారు డబ్బు ఆలస్యమైతే మా పిల్లను కట్టమంటారా?" అని అడగాలి. చెప్పిన మాట కాగితం మీద రాయించుకోవాలి. ప్రభుత్వ కాలేజీలో ఫీజే తక్కువ. అక్కడ ఈ భయమూ తక్కువే.

ఇంకో మాట. 2018లో యూజీసీ ఒక నియమం చేసింది. కాలేజీలు అసలు సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇవ్వాలి. తమ దగ్గర పట్టి ఉంచకూడదు. ఈ నియమం తెలిసిన తల్లి ధైర్యంగా అడగగలదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కాలేజీ పెడుతుందా?

అప్పు చేయవలసి వస్తే

కొన్ని కోర్సులకు ఖర్చు ఎక్కువ. అప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవద్దు. ముందు బ్యాంకు గడప తొక్కండి.

చదువు అప్పు 4 లక్షల దాకా అయితే మామూలుగా ఆస్తి తాకట్టు అడగరు. పిల్లతో పాటు తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయాలి. చదువుతున్న కాలంలో కిస్తీలు ఉండవు. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా కూడా ఉండవు. కానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇది మరవకూడదు. ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, కొన్ని వృత్తి కోర్సులకు ఆ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వం కట్టే పథకం ఉంది. ఆ కోర్సుకు అది వర్తిస్తుందో లేదో బ్యాంకులో అడగాలి.

ఇంజనీరింగు లాంటి కోర్సులో చేరిన ఆడపిల్లలకు ప్రగతి స్కాలర్‌షిప్ కూడా ఉంది. ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు.

ఇక లెక్క చూడండి. లక్ష రూపాయల అప్పు. బ్యాంకులో ఏడాదికి నూటికి 10 రూపాయల వడ్డీ అనుకుందాం. ఏడాదికి వడ్డీ 10,000. ఊళ్లో నెలకు నూటికి 3 రూపాయల వడ్డీ. ఏడాదికి 36,000. నాలుగేళ్లకు బ్యాంకు వడ్డీ 40,000. ఊరి వడ్డీ 1,44,000. అసలు కంటే వడ్డీయే ఎక్కువ! సంఘంలో పొదుపు లెక్కలు రాసే అక్కలకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

తప్పిన పిల్ల ఇంట్లో

ఆ తల్లి కూతురికి ఒక స్నేహితురాలు ఉంది. ఆ పిల్ల ఒక సబ్జెక్టు తప్పింది. గది తలుపు వేసుకుని పడుకుంది. అన్నం ముట్టలేదు. తల్లి ఆ ఇంటికి పోయి తలుపు కొట్టింది. "లే బిడ్డా, ముందు తిను. పోయింది ఒక్క పరీక్షే" అంది. పక్కన కూర్చుని తినిపించింది.

తప్పినవారికి వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది. నూటికి 35 వస్తే పాస్. అందులో పాసైతే ఆ ఏడే దోస్త్ తర్వాతి విడతల్లో సీటు అడగవచ్చు. మార్కుల మీద అనుమానం ఉంటే డబ్బు కట్టి పేపరు మళ్లీ చూడమనవచ్చు. 2019లో తెలంగాణలో తప్పినవారి పేపర్లు మళ్లీ చూశారు. వెయ్యి మందికి పైగా పాసయ్యారు. కానీ అప్పటికే కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. పేపరు మళ్లీ దిద్దవచ్చు. పోయిన పిల్లను తేలేరు. ఫలితాల రోజుల్లో తప్పిన పిల్లను ఒంటరిగా వదలకండి. తిట్టకండి.

చివరికి ఏమైంది?

కూతురు ఆరు కాలేజీల పేర్లు పెట్టింది. రెండో పేరు దగ్గర సీటు వచ్చింది. అది ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ. బీఎస్సీ. స్నేహితురాలు సప్లిమెంటరీలో పాసై, తర్వాతి విడతలో అదే కాలేజీలో చేరింది. ఇద్దరూ ఒకే బస్సులో పోతున్నారు.

చేరిన రోజు కాలేజీలో తల్లి సంతకం అడిగారు. గుమాస్తా అలవాటు కొద్దీ సిరా డబ్బా ముందుకు జరిపాడు. ఆమె దాన్ని పక్కకు జరిపింది. కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. వెనక వరుసలో ఉన్నవారు కాసేపు ఆగవలసి వచ్చింది. తర్వాత ఆమె తన పేరు రాసింది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. ఫలితాలు వచ్చిన నెల ఆ దీపం లాంటిది. ఇప్పుడు మీకు చదవడం వచ్చింది. పిల్ల పేరు మీద వచ్చిన ప్రతి కాగితం మీరే చదవండి. అర్థం కాని మాట కింద గీత గీయండి. దాన్ని అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.

కలిసి మాట్లాడుకోండి

1. ఆ తల్లి కాగితం మీద ఎందుకు సంతకం పెట్టలేదు?
2. ఓటీపీ ఇంకొకరికి ఎందుకు చెప్పకూడదు?
3. మీ ఊళ్లో ఈ ఏడు ఇంటరు రాసిన ఆడపిల్లలు ఎందరు? వారి ఆదాయం, కులం సర్టిఫికెట్లు సిద్ధంగా ఉన్నాయా?
4. 50,000 రూపాయల అప్పుకు బ్యాంకు వడ్డీ ఎంత, ఊరి వడ్డీ ఎంత? ఒక ఏడాదికి లెక్క కట్టండి.