పెద్దల గొంతులను పదిలపరచుకుందాం



జార్‌బ్రూకెన్‌లో ఉన్నా పండుగనాడు పులిహోర కలుపుకుంటున్నాం, పద్యం పాడుకుంటున్నాం. పులిహోర మళ్ళీ వండుకోవచ్చు, పద్యం మళ్ళీ నేర్చుకోవచ్చు. అమ్మమ్మ గొంతు పోతే మాత్రం మళ్ళీ రాదు. ఆ విషయమై నాలుగు మాటలు మనవి చేస్తాం.

ఫోనులో మాట్లాడడం భారమైన రోజుల్లో ఎన్నో కుటుంబాలు క్యాసెట్టు మీదే ఉత్తరాలు పంపుకునేవి. ఆ క్యాసెట్లు నేటికీ అలమరల్లో ఉన్నాయి. వాటిని వినిపించే యంత్రాలే కరువవుతున్నాయి. టేపు కూడా ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది.

ఈ టేపుకు మనముంటున్న దేశమే పుట్టినిల్లు. 1928లో ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ కాగితానికి ఇనుప పొడి అంటించి అయస్కాంత టేపు తయారుచేశాడు. మనకు దూరం కాని లుడ్విగ్స్‌హాఫెన్‌లో 1936లో లండన్ వాద్యబృందం కచేరీని టేపు మీద పట్టారు. ఫిలిప్స్ వారు 1963లో బెర్లిన్ ప్రదర్శనలో క్యాసెట్టును చూపారు.

ఇక పని సంగతి. ముందు టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి చుట్టండి. టేప్‌రికార్డరును తీగతో కంప్యూటరుకు కలపండి. 2000లో విడుదలైన ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాము చాలు. సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు పెడితే, ఒకే ఛానెల్‌లో గంటసేపటి మాట సుమారు 320 మెగాబైట్లు అవుతుంది. శబ్దం పైగీతను తాకకుండా చూడండి. అక్కడ చిట్లిన ధ్వనిని పూర్తిగా బాగుచేయడం సాధ్యం కాదు. మొదటి ప్రతిని వేవ్ రూపంలో అలాగే దాచి, కత్తిరింపులన్నీ నకలు మీదే చేయండి. బంధువులకు పంపడానికి ఎంపీ3 సరిపోతుంది.

టేపు రొద తగ్గించే సాధనం ఉంది. అయితే శ, ష, స అక్షరాల ఊపిరి కూడా ఆ రొద ఉండే పైస్థాయిలోనే ఉంటుంది. రొద మొత్తం తీసెయ్యాలని చూస్తే అక్షరాలు అరిగిపోయి, గొంతు రేకుడబ్బాలో మాట్లాడినట్లవుతుంది. కొంచెం రొద మిగిలినా నష్టం లేదు.

ఏది కత్తిరించాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. దగ్గు తీసెయ్యవచ్చు. కానీ మాట వెతుక్కుంటూ ఆగిన క్షణం, వెనుక కుక్కరు కూత, గోదావరి సాగదీత, తెలంగాణ పలుకుబడి, సీమ యాస ఉండనివ్వాలి. మన పిల్లలకు ఆ ఊరు చేరేది వాటితోనే.

ఈ పనికి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. యంత్రం వారికి తెలుసు, మాట మనకు తెలుసు. తెలుగులో మాటలు సంధి కలిసి జాలువారుతాయి. తెర మీది గీతలు చూసినంత మాత్రాన ఎక్కడ కొయ్యాలో తెలియదు. మాట ఎక్కడ ముగిసిందో చెవితో పట్టుకోవాలి. అలా పట్టుకునే పిల్లవాడు తనకు తెలియకుండానే తెలుగు నేర్చుకుంటాడు.

పెద్దలు మన మధ్య ఉన్నప్పుడే, వారి అనుమతితో, కొత్తగానూ రికార్డు చేయండి. “ఏదైనా చెప్పండి” అంటే మొహమాటపడతారు. “మీ పెళ్ళికి బండి ఎవరు తోలారు?” అని అడగండి, కథ తానే నడుస్తుంది. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ ఏడు అన్నది ఫైలు పేరులోనే రాసి, రెండు చోట్ల దాచండి. పేరు లేని గొంతు రెండు తరాల తరువాత ఎవరిదో తెలియకుండా పోతుంది.

వచ్చే పండుగకు ఇంటికొక్క క్యాసెట్టయినా కంప్యూటరులోకి ఎక్కించి తీసుకురండి. అందరం కూర్చుని విందాం.