ఐదో కాంటూరు

ప్లానింగులో, సివిల్ ఇంజినీరింగులో ఇవాళ పట్టభద్రులవుతున్న మీ అందరికీ అభినందనలు.

మీరు గీసే గీతల మీద రేపు ఊళ్లు లేస్తాయి. అందుకే ఒక గీత గురించి మాట్లాడతాను. కొల్లేరు సరస్సు లంకల్లో బడికెళ్లని వాళ్లకూ తెలిసిన మాట, ఐదో కాంటూరు. అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును చూపే గీత. ఆ గీత వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకూ ఎక్కింది. కాగితం మీద అంతా భేషుగ్గా ఉంది.

నడివేసవిలో ఒకసారి వెళ్లి చూడండి. నీళ్లు లోపలికి తగ్గి, బీటలు వారిన నేల కనిపిస్తుంది. ఇంత భూమి ఊరికే పడి ఉందే అనిపిస్తుంది. తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల చేత సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. తర్వాత డబ్బున్నవాళ్లు లీజులకు దిగారు, వల వేసినవాళ్లలో చాలామంది కూలీలయ్యారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' అంటూ ఆ చెరువుల గట్లు పేల్చేశారు. చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి.

బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను కొల్లేరు కొన్నాళ్లు కడుపులో పెట్టుకుని, ఉప్పుటేరు గుండా సముద్రానికి వదలాలి. బయటికి ఉన్న దారి అదొక్కటే. ఆ వరద కోసమే వేసవిలో అంత చోటు ఖాళీగా ఉంటుంది. దానికి అడ్డంగా గట్లు వేస్తే నీళ్లు ఎగదన్ని లంక గ్రామాల మీద పడతాయి.

2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను బుడమేరు ఎలా ముంచిందో మీలో కొందరు మేడల మీద నుంచి చూసే ఉంటారు. బుడమేరు గట్లకు గండ్లు పడ్డాయి, ఏటి దారిలో ఇళ్లున్నాయి. ఆ నేరాన్ని కొల్లేటి మీదకు నెట్టను. అయితే జబ్బు ఒకటే, ఏరు ఎండినప్పుడు దాని వెడల్పు కొలవడం.

కొల్లేటి హద్దును మూడో కాంటూరుకు కుదించమనే వాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. కుదించకూడదనే నా అభిప్రాయం. కానీ అడిగేవాళ్లంతా ఆక్రమణదారులని కొట్టిపారేయకండి. ఐదో కాంటూరు లోపల తాతల నాటి జిరాయితీ (సొంత పట్టా) భూములున్నాయి. పరిహారం చేతికందని రైతు ఆ గీతను ఎందుకు ఒప్పుకుంటాడు? ఇలాంటి ఫైలు మీ బల్ల మీదకు వస్తే, పెద్ద వరద ఏడాది నీటిమట్టంతో హద్దు గీయండి. ఆ హద్దు వల్ల నష్టపోయే వాళ్లకు ఇవ్వాల్సిన సొమ్మును అదే అంచనాలో, అదే ఏడాది పద్దులో చూపించండి. ఆర్థిక శాఖ తిప్పి పంపితే మళ్లీ పెట్టండి.