కుప్పంలో మోటారు ఆన్ చేస్తే పుంగనూరులో వోల్టేజీ ఎందుకు పడుతుంది?

పడమటి మండలాల్లో బోరు నమ్ముకున్న రైతుకి కరెంటు పోవడం కంటే లో వోల్టేజీ ఎక్కువ నష్టం. కరెంటు పోతే మోటారు ఊరికే ఆగుతుంది. వోల్టేజీ పడితే ఆగదు, తిరగడానికి గింజుకుంటుంది. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే ఆ బలం 81 శాతానికి దిగుతుంది. నీటి బరువు మాత్రం తగ్గదు కదా! మోటారు ఎక్కువ యాంపియర్లు లాగుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, ఇక తర్వాతి మజిలీ వైండింగ్ షాపే.

ఆ వోల్టేజీ పడడానికి మీ మోటారు ఒక్కటే కారణం కాదు, పక్క ఊరి మోటార్లూ కారణమే. వాటి వాటా ఎంత? దీనికి జవాబు ఇంటర్ మొదటి ఏడాది లెక్కల పుస్తకంలోనే ఉంది, మాత్రికలు అనే పాఠంలో. అక్కడ ఇన్వర్స్ తీయడం నేర్పుతారు, మార్కులూ వేస్తారు. ఆ ఇన్వర్స్‌లో వచ్చిన అంకె దేన్ని చెబుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఇవాళ మనకు కావలసింది అదే.

1902లో శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కోలార్ బంగారు గనులకు కరెంటు వచ్చింది. కుప్పం దాటి కర్ణాటకలో అడుగుపెడితే ఆ గనుల ప్రాంతమే. సుమారు 150 కిలోమీటర్ల లైను, ఒక చివర జలపాతం, ఇంకో చివర గనులు. అక్కడ మ్యాట్రిక్స్ అక్కర్లేదు, ఓమ్ సూత్రం చాలు. లైన్లు ఒకదానితో ఒకటి కలిసి చుట్లు తిరగడం మొదలయ్యాకే చిక్కంతా. కరెంటు ఏ దారిన ఎంత పోతుందో చూసి చెప్పలేం.

బోర్డు మీద మూడు చుక్కలు పెడుతున్నాను: మదనపల్లె, పుంగనూరు, కుప్పం. నిజం లైన్లు ఇలా ఉండవు, మధ్యలో పలమనేరు, వి.కోట ఉన్నాయి, సబ్‌స్టేషన్లు ఉన్నాయి. లెక్క కోసం మూడు ఊళ్లనూ త్రికోణంలా కలుపుదాం. ఒక్క వోల్టు తేడా ఉంటే మదనపల్లె–పుంగనూరు లైనులో 4 యాంపియర్లు, పుంగనూరు–కుప్పం లైనులో 2, మదనపల్లె–కుప్పం లైనులో 1 పోతాయి అనుకోండి.

ఇప్పుడు మ్యాట్రిక్స్ రాయడం నిమిషం పని. ప్రతి ఊరికీ ఒక వరుస. వికర్ణం మీద ఆ ఊరికి వచ్చే లైన్లన్నిటి మొత్తం, పక్క గడుల్లో ఆ రెండు ఊళ్ల మధ్య లైను, మైనస్ గుర్తుతో.

5  −4  −1
−4  6  −2
−1  −2  3

ఏ వరుస కూడినా సున్నా వస్తుంది. అంటే డిటర్మినెంట్ సున్నా, ఇన్వర్స్ లేదు. భయపడకండి. వోల్టేజీ ఎప్పుడూ దేనితోనో పోల్చి చెప్పేదే. ఎక్కడి నుంచి కొలుస్తున్నామో మనం చెప్పలేదు, అందుకే లెక్క మొండికేసింది. కరెంటు మదనపల్లె నుంచి వస్తోంది, అక్కడ వోల్టేజీ కదలదు అందాం. మొదటి వరుస, మొదటి నిలువు కొట్టేస్తే మిగిలేది 6, −2, −2, 3. డిటర్మినెంట్ 18లోంచి 4 తీసేస్తే 14. ఇన్వర్స్‌లో పైన 3, 2, కింద 2, 6, అన్నిటికింద 14.

ఈ ఇన్వర్స్‌లో ఒక్కో అంకె చెప్పేది ఇది: ఒక ఊళ్లో ఒక్క యాంపియర్ లాగితే ఏ ఊళ్లో ఎన్ని వోల్టులు పడతాయో. కుప్పంలో 14 యాంపియర్ల లోడు పెట్టండి. కుప్పంలో 6 వోల్టులు పడతాయి. పుంగనూరులో ఒక్క మోటారూ ఆడకపోయినా 2 వోల్టులు పడతాయి. ఇప్పుడు అదే లోడు పుంగనూరుకి మార్చండి. అక్కడ 3 పడతాయి, కుప్పంలో 2. రెండు వైపులా అదే 2. పుంగనూరు కుప్పాన్ని ఎంత ఇబ్బంది పెడుతుందో, కుప్పమూ పుంగనూరుని అంతే పెడుతుంది. రెసిప్రాసిటీ సిద్ధాంతం అని పరీక్షలో రాసేది దీన్నే.

కుప్పంలో చాలా ఏళ్లు కరెంటు పంచింది రెస్కో, అంటే గ్రామీణ విద్యుత్ సహకార సంఘం. పెద్ద కంపెనీ దగ్గర కరెంటు మొత్తంగా కొని ఊళ్లకు ఇచ్చేది. సంఘం వేరు, బిల్లు వేరు. ఆ 2 మాత్రం సరిహద్దు చూడదు.

సరే, గాలివానకి మదనపల్లె–కుప్పం లైను తెగింది. మ్యాట్రిక్స్‌లో మారేది ఒక్క అంకె, కుప్పం గడిలో 3 పోయి 2. డిటర్మినెంట్ 8. అదే 14 యాంపియర్లకి కుప్పంలో ఇప్పుడు పడేది 10.5 వోల్టులు, పుంగనూరులో 3.5. కంట్రోల్ రూముల్లో కంప్యూటర్లు ఇదే పని చేస్తూ ఉంటాయి: ఈ లైను పోతే ఏమవుతుంది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఏమవుతుంది అని, పోకముందే.

మూడు ఊళ్లు కాబట్టి చేత్తో చేశాం. వెయ్యి సబ్‌స్టేషన్లుంటే గడులు 10 లక్షలు. అయితే ఒక్కో సబ్‌స్టేషన్‌కి సగటున మూడు లైన్లనుకుంటే నిండేవి 4 వేలే, మిగతావన్నీ సున్నాలు. ఇన్వర్స్ తీశారో, ఆ సున్నాలన్నీ నిండిపోతాయి. అందుకే అసలు ఇన్వర్స్ తీయకుండా, సున్నాలను వీలైనంత కాపాడుకుంటూ లెక్క తేల్చే పద్ధతిని అమెరికాలో టిన్నీ, వాకర్ 1967లో ఇచ్చారు. నన్నడిగితే, కాలేజీలో ఇన్వర్స్‌కి ఇచ్చే సమయంలో సగం దీనికివ్వాలి.

ఇంకో తిరకాసు ఉంది. నేను లోడుని యాంపియర్లలో చెప్పి తప్పించుకున్నాను. మోటారు అలా ఉండదని మొదట్లోనే చూశాం, వోల్టేజీ తగ్గితే యాంపియర్లు పెరుగుతాయి. యాంపియర్లు తెలియాలంటే వోల్టేజీ కావాలి, వోల్టేజీ తెలియాలంటే యాంపియర్లు కావాలి. అందుకని ఒక వోల్టేజీ ఊహించి, తప్పు ఎంతుందో చూసి, సరిదిద్ది మళ్లీ మొదలుపెడతారు. ఇది న్యూటన్ పద్ధతి. ప్రతి విడతకీ కొత్త మ్యాట్రిక్స్, పేరు జాకోబియన్. పైగా ఏసీ కాబట్టి గడుల్లో ఉండేవి సంకీర్ణ సంఖ్యలు.

రైతుకి పనికొచ్చే ముక్క ఒకటి. 440 వోల్టుల తీగను పొలాలమ్మట లాగే బదులు 11 కేవీ లైనే బోరు దగ్గరికి తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు చూడండి, హెచ్‌వీడీఎస్ అంటారు. వోల్టేజీ 25 రెట్లు, అంటే అదే పనికి కరెంటు 25వ వంతు. ఆ తీగలోనే పడే వోల్టేజీ శాతం 625వ వంతుకి దిగుతుంది.

ఇక మీ పని. మదనపల్లె–కుప్పం లైను మళ్లీ కలిపి, ఈసారి మదనపల్లె–పుంగనూరు లైను తీసేయండి. లోడు కుప్పంలోనే, 14 యాంపియర్లే. పుంగనూరు అంకె, కుప్పం అంకె రెండూ ఒకటే వస్తే మీ లెక్క సరిగ్గా ఉన్నట్టే. ఎందుకొస్తుందో బొమ్మలో పుంగనూరు లైను మీద వేలు పెట్టి చూడండి, అందులో ఎంత కరెంటు పోతోందో.