తీగల కింద, గొట్టాల పైన

మస్కట్‌లో తోటపని చేసే తెలుగువారికి, పెరట్లో మొక్కలు పెంచేవారికి నాలుగు మాటలు. త్వరగా పచ్చబడుతుందని గొట్టాల దగ్గర కోనోకార్పస్ నాటకండి. తడి వెతుక్కుంటూ దాని వేళ్లు గొట్టాల అతుకుల్లో దూరి, లోపల జడలుగా అల్లుకుని నీటికి అడ్డం పడతాయి. 2023లో గుజరాత్ ఈ చెట్టు నాటడాన్ని నిషేధించింది.

కరెంటు తీగల కింద ఖర్జూరం వద్దు. ఎదిగాక తీగలకు తగులుతోందని మొవ్వు నరికితే మాను ఎండిపోతుంది. ఒమన్‌లో గాఫ్ అనే చెట్టు మన దసరా జమ్మే. దానికి విశాలమైన ఖాళీ స్థలం చూడండి.

తీగల కింద కలబంద, నందివర్ధనం, ఒమన్‌లోని ధోఫార్‌లో సహజంగా పెరిగే ఎడారి గులాబీ చాలు. గుంత తవ్వేముందు కేబుళ్లు ఎక్కడున్నాయో ఇంటి యజమానిని అడగండి. తీగకు తగిలిన కొమ్మను మీరు ముట్టుకోకండి, కరెంటు వాళ్లకు చెప్పండి.