నొప్పికి మందు: నమ్మకము, పరీక్ష

బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయుట మన యిండ్లలో అనాదిగా వచ్చిన ఆచారము. కీళ్ళు పట్టినవారికి ఆ యాకునే వెచ్చజేసి కట్టుదురు. పంటిపోటునకు లవంగము, బెణుకునకు పసుపు, సున్నము. ఇవి పెద్దలు మనకు విడిచిపోయిన ఆస్తి. ఈ ఆస్తిలో బంగారమెంత, గిలిటు ఎంత అని తేల్చు విధమును గూర్చి ఈ పూట కొంత ముచ్చటింతము.

మా యింటిలో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా మేనత్తగారు మోకాళ్ళ నొప్పులకు సంతలో ఒక ఆకుల పొడి కొని వాడిరి. మూడవనాటికే నొప్పి తగ్గినది. “ఆకులే గదా నాయనా, ఏం చేస్తాయిలే” అని ఆమె అన్నప్పుడు మేమును తల యూపితిమి. కొన్ని నెలలకు ముఖము ఉబ్బినది. రక్తములో చక్కెర పెరిగినది. వైద్యుడు అనుమానించి పొడిని పరీక్షింపజేయగా అందు స్టెరాయిడ్ బయటపడినది. అట్టి మందును ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే గనుక ఆయన క్రమముగా తగ్గించి మాన్పించెను. ఆనాడు మేము తల యూపకుండవలసినదని నేటికిని అనుకొనుచుందుము.

నొప్పి పోయెనని చెప్పుట సులభము. ఫలానా మూలికవలననే పోయెనని నిరూపించుట కష్టము. నొప్పి తనంత తానే తగ్గవచ్చును, నమ్మకమువలనను తగ్గవచ్చును.

1763లో ఇంగ్లండునందు ఎడ్వర్డ్ స్టోన్ అను మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు పొడిని జ్వరపీడితులకిచ్చి, తాను కనుగొన్న ఫలితమును రాయల్ సొసైటీకి జాబు వ్రాసెను. 1828లో మ్యూనిచ్ నగరమున బుక్నర్ ఆ బెరడునుండి సాలిసిన్ అను చేదు పదార్థమును వేరుచేసెను. ఆ త్రోవనే సాగిన కృషి ఫలితముగా 1899లో ఆస్పిరిన్ అంగడికి వచ్చినది. అది నొప్పినెట్లు తగ్గించునో జాన్ వేన్ వివరించినది 1971లో. స్టోన్ జాబునుండి ఆ వివరణవరకు రెండువందల యెనిమిదేండ్లు పట్టినవి!

నేడు పరీక్ష యెట్లు జరుగును? ఆకును నీడన ఎండబెట్టి, పొడిచేసి, నీటిలోనో ఆల్కహాలులోనో నానబెట్టి, వడగట్టి, ద్రవమును ఆవిరి గావింతురు. మిగిలినది సారము. చిట్టెలుకలను జట్లుగా విభజించి, ఒక జట్టునకు మందులేని ద్రవమును, ఒక జట్టునకు మార్ఫీన్ వంటి తెలిసిన మందును, తక్కిన జట్లకు సారమును వేర్వేరు మోతాదులలో ఇత్తురు. పిమ్మట ఒక్కొక్కదానిని సుమారు 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల పలకపై నుంచి, అది పాదమును నాకుకొనుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో లెక్కింతురు. పాదము కాలకమునుపే, నిర్ణీతమైన గడువునకు తీసివేయుదురు. ఏ యెలుకకు ఏ మందు ఇచ్చిరో లెక్కించువానికి తెలియరాదు. తెలిసినచో కన్ను పక్షపాతము వహించును. మూగజీవుల బాధతో గూడిన పని గనుక, మన దేశమున నైతిక సంఘముల అనుమతి లేనిదే ఇవి జరుగరాదు.

ఇందొక చిక్కు గలదు. సారము మత్తు గలిగించినచో, నొప్పియున్నను ఎలుక కదలదు. అందుచే తిరుగు కడ్డీపై అది నిలువగలదో లేదో వేరుగా చూతురు. నాలోక్సోన్ అను మందు మార్ఫీన్ ప్రభావమును అడ్డగించును. దానిని ముందిచ్చినప్పుడు సారము గుణమును నశించినచో, సారమును మార్ఫీన్ త్రోవలోనే పనిచేయుచున్నదని ఊహింపవచ్చును.

వావిలాకు సారము ఎలుకలలో నొప్పిని, వాపును తగ్గించినట్లు పరిశోధకులు ప్రకటించియున్నారు. అంతమాత్రమున మనుష్యునకు ఎంత మోతాదు క్షేమమో తేలినట్లు కాదు. అది మనుష్యులపై జాగ్రత్తగా జరుగవలసిన వేరొక పరీక్ష.

కావున అమ్మమ్మల మాటను త్రోసివేయవలదు. ఊరు పేరు లేని పొట్లమును నమ్మవలదు. మీరు వాడు ఆకునైనను, పొడినైనను వైద్యునివద్ద దాచవలదు. మూడునాళ్ళలో అద్భుతము చేయు మందును చూచినప్పుడు సంతోషించుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: “ఇందులో ఏమున్నది?” మేము ఆనాడు వేయని ప్రశ్న అదియే.