శిక్ష ఒక్కటే పెంచితే సరా?

ప్రభుత్వోద్యోగి విధులకు అడ్డుపడితే భారతీయ న్యాయ సంహిత 221వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. పాత ఐపీసీలో 500 రూపాయలున్న జరిమానా 2024 జులై 1 నుంచి 2,500 అయింది. దౌర్జన్యానికి దిగితే 132వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా. ఇంకా పెంచాలన్న డిమాండు తరచూ వినిపిస్తుంది. ఇసుక లారీని ఆపిన తహసీల్దారు మీదికి కర్రలతో వస్తే ఆ డిమాండు వెనకున్న కోపం న్యాయమే. అయితే 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించినప్పుడు వైద్య సిబ్బందిపై దాడికి ఐదేళ్ల దాకా శిక్ష పెడుతూనే, దర్యాప్తుకు 30 రోజులు, విచారణకు ఏడాది గడువు కూడా రాశారు. అసలు పదును అక్కడుంది. శిక్ష పెద్దదైతేనే జనం భయపడతారంటారు కొందరు. కేసు ఏళ్ల తరబడి వాయిదాల్లో నానితే ఆ భయం ఎవరికి? పైగా రేషన్ ఎందుకివ్వలేదని కౌంటర్ దగ్గర గట్టిగా నిలదీసిన మహిళపైనా విధులకు అడ్డుపడిందంటూ కేసు పెట్టే వీలుంటుంది. కాబట్టి పెంపును దాడులకే పరిమితం చేసి, విచారణ గడువును చట్టంలోనే చేర్చాలి.